మార్కులు తక్కువ వచ్చాయని మనసు పాడు చేసుకోకండి

కిందటి నెల ఇదే శీర్షికలో కోపం గురించి రాస్తూ ఒకచోట ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ అన్నాను, అంటే స్థూలంగా భావాలను అర్థం చేసుకుని సంభాళించుకునే నేర్పు. ఆ ఒక్క మాట మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఆరు తీసుకున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను. మొదటి జవాబు బాగా పొడుగైంది, కానీ అది చదివితే మిగతావి సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. మా ఆఫీసులో ట్రైనింగ్‌లో భాగంగా అందరికీ ఎమోషనల్ ఇంటెలిజెన్స్ టెస్ట్ పెట్టారు. కోపం, దిగులు అదుపు చేసుకోగలనా, ఎదుటివాళ్ల మనసు నాకు అర్థమవుతుందా, ఇలాంటి వాక్యాలు ఇచ్చి, మనకు ఎంతవరకు వర్తిస్తాయో పక్కన అంకె వెయ్యమన్నారు. నాకు చాలా తక్కువ వచ్చింది. టీమ్‌లో ఎవరికి బాధ వచ్చినా నా దగ్గరికే వస్తారు, అందుకని ఆశ్చర్యంగానూ, కొంచెం అవమానంగానూ అనిపించింది. పైగా రిపోర్టులో ‘తక్కువ స్కోరు వచ్చినవారికి మానసిక శ్రేయస్సు తక్కువగా ఉండే అవకాశం ఉంది’ అని రాశారు. అంటే నాకు సంతోషంగా ఉండే స్వభావమే లేదా? ఈ ఏడాది మా నాన్నగారు పోయారు, అప్పటినుంచి ఏదీ సరిగ్గా లేదు, అది వేరే విషయం అనుకోండి.

జవాబు: అది వేరే విషయం కాదండీ. మీ ఉత్తరం మొత్తంలో అసలు విషయం ఆ చివరి వాక్యమే. దాని దగ్గరికి వస్తాను, ముందు ఆ టెస్ట్ ఏం కొలిచిందో చూద్దాం, ఎందుకంటే ఆ రిపోర్టు మీకు సగమే చెప్పింది.

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనే ఒక్క పేరుతో రెండు వేర్వేరు సంగతులు చలామణీ అవుతున్నాయి. మొదటిది 1990లో పీటర్ సాలోవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పింది. వాళ్ల దృష్టిలో అది ఒక సామర్థ్యం, అంటే ముఖం చూసి ఎదుటి మనిషి భావం పట్టుకోవడం, ఏ భావం దేనికి దారితీస్తుందో తెలియడం, దాన్ని సంభాళించుకోవడం. దాన్ని కొలవాలంటే లెక్కల పరీక్షలాగా పని ఇచ్చి చేయించాలి. రెండోది కె.వి. పెట్రిడిస్, ఏడ్రియన్ ఫర్న్‌హామ్ అనే పరిశోధకులు 2001లో విడదీసి చూపించినది. దాన్ని ‘ట్రెయిట్’ ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటారు, అంటే స్వభావ లక్షణం. ఇక్కడ సరైన జవాబు, తప్పు జవాబు అని ఉండవు. భావాల విషయంలో మిమ్మల్ని మీరు ఎలా చూసుకుంటున్నారన్నదే లెక్క. మీకు పెట్టింది ఈ రెండో రకం. పేరులో ఇంటెలిజెన్స్ ఉన్నా అది మీ తెలివికి వేసిన మార్కు కాదు, మొహమాటం, చొరవ, కంగారుపడే గుణం లాంటివాటి పక్కన కూర్చోబెట్టవలసిన విషయం.

ఒకే మనిషికి ఈ రెండు రకాల పరీక్షలూ పెడితే స్కోర్లు పెద్దగా కలవవని చాలాసార్లు తేలింది. కాబట్టి మీ టీమ్ మీ దగ్గరికి రావడమూ నిజమే, మీ స్కోరు తక్కువ రావడమూ నిజమే. ఎదుటివాళ్ల బాధ చక్కగా అర్థం చేసుకునే మనిషి తన గురించి తాను ‘నాకేం తెలీదు’ అనుకోవడం ఎక్కడైనా చూస్తూనే ఉంటాం.

ఇక శ్రేయస్సు సంగతి. ఈ రకం పరీక్షల్లో బాగా వాడుకలో ఉన్నది పెట్రిడిస్ తయారుచేసింది, అందులో 153 వాక్యాలు ఉంటాయి, 15 అంశాలు కొలుస్తారు. వాటిలో ఎక్కువ భాగాన్ని నాలుగు గుంపులుగా చేశారు. ఒకటి తనని తాను అదుపు చేసుకోవడం, ఒకటి భావాలను గుర్తించడం, చెప్పుకోవడం, ఇంకోటి నలుగురిలో మెలగడం. మిగిలిన ఆ నాలుగో గుంపు ఏమిటో తెలుసా? శ్రేయస్సే. సంతోషం, ఆశావాదం, తన మీద తనకున్న గౌరవం, ఈ మూడూ పరీక్షలోనే భాగం. అంటే ‘నువ్వు సంతోషంగా ఉన్నావా’ అని అడిగి, లేనన్నవాళ్లకు కొన్ని మార్కులు తగ్గించి, ఆ తర్వాత ‘తక్కువ మార్కులు వచ్చినవాళ్లు తక్కువ సంతోషంగా ఉన్నారు’ అంటే అందులో కొంత భాగం ముందే ప్రశ్నలో పెట్టుకున్న జవాబే కదా. మీ ఆఫీసు వాడింది ఇదే పరీక్షో కాదో నాకు తెలీదు, కానీ ఇలాంటి చాలా పరీక్షల్లో ఈ కలగలుపు ఉంటుంది, చూసి అడగండి.

సంబంధం ఉత్తదే అని మాత్రం అనను. 2016లో ముగ్గురు స్పెయిన్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 25 అధ్యయనాలను, అంటే సుమారు 8,500 మంది వివరాలను, ఒకచోట కలిపి చూశారు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌కీ జీవితం పట్ల తృప్తి, సంతోషం లాంటివాటికీ మధ్య సహసంబంధం సగటున 0.32 వచ్చింది. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తిగా ముడిపడి ఉన్నాయని. సామర్థ్యాన్ని కొలిచే పరీక్షల్లో ఇది ఇంకా తక్కువ, తమ గురించి తాము చెప్పుకునే పరీక్షల్లో ఎక్కువ. 0.32 అంటే మనిషికీ మనిషికీ సంతోషంలో ఉండే తేడాల్లో ఇది చెప్పగలిగింది దాదాపు పదో వంతు. తక్కిన తొమ్మిది వంతుల్లో ఆరోగ్యం, నిద్ర, డబ్బు ఇబ్బంది, పక్కన ఉన్న మనుషులు, పోగొట్టుకున్న మనుషులు, ఇలా ఎన్నో ఉంటాయి. పైగా ఈ అధ్యయనాల్లో చాలావాటిలో రెండింటినీ ఒకేసారి కొలుస్తారు, కాబట్టి ఏది ముందో ఏది వెనకో చెప్పలేం. భావాలను సంభాళించుకోగలిగినందువల్ల సంతోషంగా ఉండొచ్చు, సంతోషంగా ఉన్నందువల్ల ‘అన్నీ సంభాళించుకోగలను’ అనిపించనూవచ్చు.

ఇప్పుడు నాన్నగారి దగ్గరికి వద్దాం. తండ్రి పోయిన ఏడాదిలో ‘జీవితాన్ని ఆశగా చూస్తాను’ లాంటి వాక్యం పక్కన ఎవరైనా ఎంత అంకె వేస్తారు? మీరు నిజాయితీగా తక్కువ వేశారు, పరీక్ష దాన్ని మీ స్వభావంగా రాసుకుంది. నా ఉద్దేశంలో మీ కాగితం మీద ఉన్నది లోపం కాదు, దుఃఖం. ఒక మాట అడుగుతాను, ఎవరికి బాధ వచ్చినా మీ దగ్గరికి వస్తారన్నారు, నాన్నగారు పోయాక మీరు ఎవరి దగ్గరికి వెళ్లారు? అది మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. మీ టీమ్‌లోనే ఒకరిని ఎంచుకుని, సలహా అడగకుండా, ఊరికే ఆయన గురించి మాట్లాడండి. నిద్ర, తిండి వారాల తరబడి దెబ్బతిన్నా, బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయకండి.

ఆఫీసులవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. మనుషులు తమ గురించి తాము చెప్పుకున్న కాగితం చూసి ప్రమోషన్లు, బాధ్యతలు తేల్చడం తప్పు. ఉద్యోగం కోసం నింపే ఫారంలో ఎవరైనా ఎక్కువ అంకెలే వేస్తారు, మీలా నిజం రాసినవాళ్లు నష్టపోతారు.

ప్రశ్న: నాకు 41. నేను కోప్పడడం మా ఇంట్లో, ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఎంత గొడవ జరిగినా మొహంలో ఏమీ కనపడనివ్వను. అందరూ మెచ్చుకుంటారు. కానీ వారానికి మూడు నాలుగు రోజులు తలనొప్పి, నిద్ర పట్టదు. మా ఆవిడ ‘మీకు ఏమనిపిస్తోందో చెప్పండి’ అని అడిగితే నిజంగానే ఏం చెప్పాలో తెలీదు. నాది ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఎక్కువున్న మనస్తత్వమేనా?

జవాబు: ముందు డాక్టరుకి చూపించుకోండి, బీపీ, కళ్లు పరీక్ష చేయించుకోండి. ప్రతి తలనొప్పినీ మనసు ఖాతాలో వెయ్యకూడదు.

ఆ తర్వాత మాట ఇది. కోపం రాకపోవడం వేరు, వచ్చిన కోపం కనపడకుండా చేయడం వేరు. జేమ్స్ గ్రాస్ అనే శాస్త్రవేత్త ఈ తేడా మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. మీటింగ్‌లో పై అధికారి మీ మాట మధ్యలోనే తుంచేశారనుకోండి. మీరు మొహం కదపకుండా కూర్చున్నారు, లోపల ఉడికిపోతోంది. దీన్ని అణచుకోవడం అంటాం. రెండో దారిలో, ఆ ఉడుకు ముదరక ముందే, జరిగినదాన్ని ఇంకో వైపు నుంచి చూస్తారు, ఆయన మీద ఇవాళ ఏదో ఒత్తిడి ఉన్నట్టుంది, ఈ విషయం సాయంత్రం విడిగా మాట్లాడతాను అని. ప్రయోగాల్లో మనుషులకు బాధ, జుగుప్స కలిగించే సినిమా ముక్కలు చూపించి, మొహంలో ఏమీ కనపడకుండా చూడమన్నారు. మొహం నిలిచింది, లోపలి బాధ మాత్రం తగ్గలేదు, పైగా శరీరంలో ఒత్తిడి సూచించే కొన్ని మార్పులు పెరిగాయి. 2003లో గ్రాస్, ఆలివర్ జాన్ కలిసి ప్రచురించిన అధ్యయనాల్లో అణచుకోవడం అలవాటైనవాళ్లకు జీవితం మీద తృప్తి, దగ్గరి స్నేహాలు తక్కువగా, రెండో దారి అలవాటైనవాళ్లకు అవి ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ఈ రెండో దారిని మంచివాళ్లు తమ మీదే తప్పుగా వాడుకుంటారు. అన్యాయం నిజంగానే జరుగుతున్నప్పుడు ‘వాళ్ల ఇబ్బంది వాళ్లకుందిలే’ అని సర్దిచెప్పుకుంటూ పోకండి. అప్పుడు కావాల్సింది ఇంకో వైపు నుంచి చూడటం కాదు, ఎదురుగా నిలబడి చెప్పటం.

ఏమనిపిస్తోందో తెలియకపోవడానికి కూడా ఒక పేరుంది, అలెక్సిథైమియా. 1970లలో పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్ట్ పెట్టారు, భావానికి మాటలు లేకపోవడం అని దాని అర్థం. అది జబ్బు కాదు, కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ ఉండే తీరు. మీకు ఉందని ఉత్తరం చూసి చెప్పలేను. అయితే ఇలాంటివాళ్లకు మనసులోది ముందు ఒంట్లో తెలుస్తుంది. అందుకని ఆవిడ అడిగినప్పుడు భావం పేరు వెతుక్కోకుండా, ‘మెడ పట్టేసింది, పళ్లు బిగించుకుని ఉన్నాను, పొద్దున ఫోన్ వచ్చినప్పటినుంచి ఇంతే’ అని ఒంటి సంగతి చెప్పండి. మాట అక్కడినుంచి మొదలవనివ్వండి.

ప్రశ్న: ఇది పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా? ఒక్క ముక్కలో చెప్పండి.

జవాబు: రెండూ. 2008లో కవలల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ స్వభావంలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో దాదాపు 40 శాతానికి జన్యువులు కారణమని లెక్క తేలింది. (ఒక మనిషిలో 40 శాతం పుట్టుక అని దానర్థం కాదు, చాలామంది అలా చదువుతారు.) 2009లో ఒక చిన్న బృందానికి రెండున్నర గంటల చొప్పున నాలుగు తరగతులు చెప్పి చూస్తే, భావాలు గుర్తించడం, సంభాళించుకోవడం మెరుగుపడ్డాయి, ఆరు నెలల తర్వాత చూసినా ఆ మార్పు నిలిచింది. చిన్న బృందమే కాబట్టి నేను దాన్ని ఆశగా మాత్రమే తీసుకుంటాను, గ్యారంటీగా కాదు.

ప్రశ్న: నేను నర్సుని. పేషెంట్ల బాధ, వాళ్లవాళ్ల ఏడుపు అన్నీ నాకు అంటుకుంటాయి. ఇంటికెళ్లాక మా పిల్లలతో మాట్లాడటానికి కూడా లోపల ఏమీ మిగలదు. సీనియర్లు ‘నీకు ఎంపతీ ఎక్కువ, కొంచెం రాయిలా ఉండటం నేర్చుకో’ అంటున్నారు. రాయిలా ఉండటం నాకు ఇష్టం లేదు.

జవాబు: వద్దమ్మా, రాయి కాకండి. ఇష్టం లేదని మీరు రాసిన ఆ ఒక్క ముక్క చదివి నాకు మనసు నిండింది.

పైన చెప్పిన 15 అంశాల్లో ఎదుటివాళ్ల బాధ తెలియడం ఒకటి, ఒత్తిడి తట్టుకోవడం ఇంకొకటి. రెండూ వేర్వేరుగా కొలుస్తారు, ఎందుకంటే ఒకటి బాగా ఉండి రెండోది తక్కువ ఉండొచ్చు. మీకు మొదటిది నిండుగా ఉంది, దాన్ని తగ్గించుకోవాల్సిన పని లేదు. ఓల్గా క్లిమెకీ, టానియా సింగర్ అనే పరిశోధకులు ఈ విషయం మీదే ఒక మంచి ప్రయోగం చేశారు. బాధపడుతున్న మనుషుల వీడియోలు చూపిస్తూ, ముందు ఆ బాధను తామే పడుతున్నట్టు అనుభవించడం సాధన చేయించారు. చూసేవాళ్ల మనసు కుంగింది. తర్వాత అదే మనుషులకు కరుణ సాధన చేయించారు, అంటే ‘ఈమెకు ఉపశమనం కలగాలి’ అని మంచి కోరుతూ చూడటం. కుంగుబాటు తగ్గింది, మనసులో ఆప్యాయత లాంటి మంచి భావాలు పెరిగాయి. బాధ కళ్ల ముందు అలాగే ఉంది, చూసే మనిషి నిలబడిన చోటు మారింది, అంతే. వార్డులో మంచం దగ్గరికి వెళ్లేముందు ఒక్క ఊపిరి తీసుకుని ‘ఈమె నొప్పి ఈమెది, నేను తోడు వచ్చినదాన్ని’ అని లోపల అనుకుని చూడండి. చిన్న పనే, కానీ రోజుకి నలభైసార్లు చేస్తే అది అలవాటవుతుంది.

లోపల ఒకటి ఉన్నా పైకి ఇంకొకటి చూపించాల్సి రావడం కూడా పనే. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే విమానాల్లో పనిచేసే ఆడపిల్లల నవ్వు గురించి రాస్తూ దాన్ని శ్రమ అని పిలిచారు. శ్రమ అయినప్పుడు దానికి విశ్రాంతి కావాలి. డ్యూటీ దిగాక ఇంట్లోకి అడుగుపెట్టే ముందు పావుగంట ఎవరితోనూ మాట్లాడకుండా ఉండే ఏర్పాటు చేసుకోండి, అది స్వార్థం కాదని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. ఇంకో మాట, పదిమంది చేయాల్సిన డ్యూటీ నలుగురితో చేయిస్తూ ఉంటే ఏ సాధనా సరిపోదు. అప్పుడు మార్చాల్సింది మీ మనసుని కాదు, డ్యూటీ చార్టుని.

ప్రశ్న: గొడవ జరిగినప్పుడల్లా నేను ఏడుస్తాను. మావారు ‘నీకు ఈక్యూ (ఎమోషనల్ ఇంటెలిజెన్స్) లేదు, అదుంటే ఇలా ఏడవవు’ అంటారు. ఆయన దాని మీద పుస్తకాలు చదువుతారు. నేను మారాలా?

జవాబు: ఏడుపు ఈక్యూ లేకపోవడానికి గుర్తు కాదు. ఏ పరీక్షలోనూ ‘ఏడిస్తే మార్కులు కట్’ అని లేదు. బాధను బయటికి చెప్పుకోగలగడం ఆ 15 అంశాల్లో ఒకటి కూడా. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే ఆమెకు లోపం అంటగట్టడం మాత్రం, ఎన్ని పుస్తకాలు చదివినా, ఆ విద్య అబ్బినట్టు కాదండీ. గొడవ లేని ఒక మామూలు రోజు చూసుకుని ఆయనతో సూటిగా అనండి, ‘నేను ఏడ్చినప్పుడు నాకు పేరు పెట్టొద్దు, ఎందుకు ఏడుస్తున్నావని అడగండి’ అని. ఏడుపు వల్ల చెప్పాల్సింది చెప్పలేకపోతున్నానని మీకే అనిపిస్తే, పది నిమిషాలు ఆగి మాట్లాడదామని అడగండి. అది మీ సౌకర్యం కోసం, ఆయన మార్కుల కోసం కాదు. ఆ మాట విన్నాక కూడా ఆయన అదే పేరుతో మిమ్మల్ని చిన్నబుచ్చుతూ ఉంటే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి, ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ సెకండియర్. పరీక్షలంటే టెన్షన్, హాస్టల్‌లో టెన్షన్, ఇంటినుంచి ఫోన్ వస్తే టెన్షన్, ఫ్రెండ్ మాట్లాడకపోతే టెన్షన్. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ పెంచుకుంటే టెన్షన్ పోతుందంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నీ ఉత్తరంలోనే మొదలుపెడదాం తమ్ముడూ. నాలుగు చోట్ల టెన్షన్ అన్నావు, నాలుగూ ఒకటేనా? పరీక్షకి ముందు ఉండేది బహుశా ఆదుర్దా. హాస్టల్‌లో కొత్తవాళ్ల మధ్య బెరుకేమో. ఇంటినుంచి ఫోన్ వస్తే, అమ్మానాన్నల మీద బెంగా, లేక మార్కులు అడుగుతారని గుబులా? ఫ్రెండ్ మాట్లాడకపోతే వచ్చేది ఉక్రోషమా, నొచ్చుకోవడమా, ఒంటరితనమా? మన దగ్గర ఎన్ని మాటలున్నాయో చూడు, దిగులు, కలత, కంగారు, వెలితి, జంకు, విసుగు, చిరాకు, అలక, రోషం. అన్నిటినీ ఒక్క టెన్షన్ కింద తోసేస్తే ఏం చేయాలో తెలీదు. బెంగ అయితే ఫోన్ చేయాలి, ఆదుర్దా అయితే పుస్తకం తెరిచి ఒక్క చాప్టర్ పూర్తి చేయాలి, నొచ్చుకుంటే ఆ ఫ్రెండ్‌ని అడగాలి. మందు వేరు వేరు.

లీసా ఫెల్డ్‌మన్ బారెట్ లాంటి శాస్త్రవేత్తలు ఇదే చెబుతున్నారు, తమ భావాలను ఇలా విడివిడిగా గుర్తించేవాళ్లు కష్టమైన రోజుల్లో కొంత బాగా నిలదొక్కుకుంటున్నారని. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌తో ఇంకోటి చూసింది. కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించి, ఆ భావానికి సరిపోయే మాట ఎంచుకోమంటే, మెదడులో అమిగ్డలా అనే భాగం, ప్రమాదాన్ని పసిగట్టి కంగారు పుట్టించడంలో దాని పాత్ర పెద్దది, ఉద్రేకపడటం తగ్గింది. పేరు పెడితే భావం మాయమవుతుందని కాదు, దాని పట్టు కాస్త సడలుతుంది.

రోజూ పడుకునే ముందు ఒక చిన్న నోట్‌బుక్‌లో మూడు వాక్యాలు రాయి. ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, దాని పేరేంటి. టెన్షన్ అనే మాట ఆ నోట్‌బుక్‌లో మాత్రం వాడకు, బయట ఎంతైనా అనుకో. మొదట్లో మాట దొరకదు, ‘దిగులులాంటిదేదో’ అని రాసినా చాలు. నెల తర్వాత ఎక్కువసార్లు ఏ మాట వచ్చిందో లెక్కపెట్టి నాకు మళ్లీ రాయి, దాన్నిబట్టి మాట్లాడుకుందాం. ఈలోగా పరీక్ష హాల్లో ఊపిరాడనంత భయం వచ్చినా, చదువు పూర్తిగా ఆగిపోయినా నెల దాకా ఆగకు, కాలేజీలో కౌన్సెలర్ ఉంటే ఆ రోజే వెళ్లి కలువు, లేకపోతే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు.